ఐదంగుళాల పట్టాల మీద ఒక ‘హై’

శుక్రవారం ఉదయం ఆరింటికి అబుదాబీ పక్కన ముసఫ్ఫాలోని మా కార్మికుల క్యాంపు గేటు దాటాం, నేనూ మా గదిలో ఉండే గంగారామన్నా. ఆయన పైపు ఫిట్టరు, నిజామాబాద్ వైపు మనిషి. నేను వర్క్‌షాపులో లేతు నడుపుతాను. ఆయన చేతిలో చపాతీల డబ్బా, నా చేతిలో నోట్‌బుక్కు.

“సెలవునాడు నిద్ర పాడుజేసుకొని పిల్లల రైలు సూడవోతున్నం. ఎవలకన్న జెప్తే నవ్వుతరు.”

“పిల్లల రైలు గాదన్నా. అసలు ఆవిరింజనే. సైజు చిన్నది, అంతే.”

“ఇగ షురూ జేసిండు లైబ్రరీ.”

లైబ్రరీ అనేది క్యాంపులో నా పేరు. జగిత్యాలలో పదో తరగతి తప్పాక రెండేళ్లు శాఖా గ్రంథాలయంలోనే గడిపాను. అక్కడ అట్ట ఊడిన ఆవిరి యంత్రాల పుస్తకం ఒకటి ఉండేది. మూడుసార్లు చదివాను. నాలుగేళ్లుగా ఆ సంగతులు గదిలో చెబుతూనే ఉన్నాను. “ఇంత జెప్తవ్, ఒక్కసారన్న నడిపినవా?” అని గంగారామన్న అడిగినప్పుడల్లా దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.

నాలుగు రోజుల కిందట జబల్ అలీలో పనిచేసే నకానో అనే జపాను ఇంజనీరు చిన్న ఇత్తడి మూత ఒకటి చేయించుకోవడానికి మా వర్క్‌షాపుకి వచ్చాడు. గీసిన బొమ్మ చూడగానే “స్టీమ్ సిలిండరు మూతేనా?” అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని నన్ను మళ్లీ చూశాడు. తన క్వార్టర్ల వెనక స్వయంగా చేసుకున్న ఆవిరింజను ఉందట. వచ్చే వారం స్వదేశం వెళ్లిపోతున్నాడట. ఈ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఇంజన్ని పెట్టెలో కట్టేస్తారట. “ముందే రా. ఒక చుట్టు నువ్వు నడుపు,” అన్నాడు. ఆ ఒక్క చుట్టు కోసమే ఈ ప్రయాణం.

శుక్రవారం కంపెనీ బస్సు ఉండదు. కూరగాయల పికప్ పట్టుకుని అబుదాబీ టాక్సీ స్టాండు చేరేసరికి ఏడైంది. దుబాయ్ టాక్సీలో తలకి ఇరవై దిర్హములు. మధ్యలో జబల్ అలీలో దిగినా అంతే, బేరం కుదరదు. మా పక్కన కాకినాడ వైపు ఆసుపత్రి నర్సు ఒకావిడ, ఆమె భర్త కూర్చున్నారు.

“ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?” అందావిడ.

“రైలెక్కడానికమ్మా.”

“దుబాయ్‌లో మెట్రో వేస్తారంటున్నారు గానీ, ఈ దేశంలో ఇంకా రైలెక్కడుందండీ బాబూ!” అని భర్తవైపు తిరిగింది. దిగేదాకా నన్ను జాలిగానే చూసింది.

జబల్ అలీ రౌండెబౌట్ దగ్గర దిగి ఇసుకలో ఇరవై నిమిషాలు నడవాలి. వెళ్లేవాళ్లు టోపీ మరవకండి. తొమ్మిదింటికి నకానో సాబ్ నీలం డ్రైవరు టోపీ పెట్టుకుని ఎదురొచ్చి నడుం వంచి దండం పెట్టాడు. పెరట్లో గుండ్రంగా పట్టాలు. మధ్య ఎడం ఐదంగుళాలు, జానెడు కూడా లేదు. వాటిమీద నల్లటి ఇంజను, పొడవు మంచంలో సగం. పొగగొట్టం, గంట, ఈల, బొగ్గుపెట్టె, వెనక కూర్చోవడానికి చిన్న బండ్లు, అన్నీ ఉన్నాయి. పుస్తకంలోని బొమ్మ లేచొచ్చి నిలబడినట్టుంది.

ఆల్బం చూపించాడు. వాళ్ల దేశంలో ఆదివారాలు పళ్ల డాక్టరూ, చేపలకొట్టాయనా, బడిపంతులూ ఇలాంటి టోపీలే పెట్టుకుని పార్కులో పట్టాలు పరిచి, వచ్చినవాళ్లనల్లా ఎక్కించుకుని తిప్పుతారట. ఒక్కో ఇంజను చేయడానికి ఏళ్లు పడుతుందట.

“పెద్ద పెద్దోళ్లు గిట్ల ఆడుకుంటరా!” అన్నాడు గంగారామన్న. అప్పటికే ఆఖరి బండిమీద సర్దుకుని కూర్చున్నాడు.

పొయ్యి రాజేసి ఆవిరి పట్టేసరికి పదిన్నర. బయల్దేరేముందు నకానో సాబ్ ఒక్కొక్క దానివైపు వేలు చాపి “యోషి!” అని గట్టిగా అరిచాడు. పట్టాలు, యోషి. బ్రేకు, యోషి. బాయిలర్లో నీటిమట్టం చూపే నీళ్లగాజు, యోషి.

“ఎవలితోని మాట్లాడుతుండు?”

‘యోషి’ అంటే ‘సరిగ్గా ఉంది’ అట. కన్ను చూడాలి, వేలు చూపాలి, నోరు చెప్పాలి, చెవి వినాలి, అప్పుడే పొరపాటు రాదని ఆయనే వివరించాడు. ఇది నా పుస్తకంలో లేదు. పట్టించుకోలేదు.

ఆయన ముందు కూర్చుని నడిపాడు. ఆయన వెనక నేను, బాయిలర్లోకి నీళ్లు కొట్టే చేతిపంపు దగ్గర. “నీళ్లు నీ పని,” అన్నాడు. మూడు చుట్లు సరిగ్గా చేస్తే నాలుగోది నాది.

బండి కదిలింది. చుక్‌చుక్ అంటుంటే నిప్పురవ్వలు ప్యాంటుమీద పడ్డాయి. ఆ సంబరంలో నా ఇంగ్లీషు ఎటుపోయిందో. క్యాంపు హిందీ అలవాటు కొద్దీ “పానీ హై?” అని అరిచాను.

“హై!” అన్నాడు నకానో సాబ్.

ఉన్నాయంటున్నాడుగా, పంపు ముట్టుకోలేదు. రెండో చుట్టులోనూ “పానీ హై?” “హై!” మూడో చుట్టు సగంలో ఎందుకో ఆయన భుజంమీదుగా తొంగిచూశాను. నీళ్లగాజులో నీటి గీత కనబడలేదు.

“గాజు నిండ ఉన్నట్టే గదరా,” అన్నాడు వెనకనుంచి మెడ చాచిన గంగారామన్న.

నిండిన గాజూ, ఖాళీ గాజూ చూపుకి ఒకేలా ఉంటాయి. ఆ పేజీ నాకు బాగా గుర్తు. చేయిచాచి గాజు కింది చిన్న కుళాయి తిప్పాను. చుక్క నీరు రాలేదు, బుస్సుమని ఆవిరే వచ్చింది. నీళ్లు లేని బాయిలరు కింద నిప్పు!

“ఖలాస్! పానీ ఖలాస్!”

ఖలాస్ ఆయనకి తెలుసు. బ్రేకు వేసి, కడ్డీ లాగి, నిప్పంతా ఇసుకలో దింపేశాడు.

తర్వాత బయటపడింది. వాళ్ల భాషలో ‘హై’ అంటే ‘అలాగే, వింటున్నాను’ అని. నేనేదో చెప్పి నా పని చేసుకుంటున్నాననుకున్నాడు పాపం.

“నేనే చూడాల్సింది, సాబ్. తప్పు నాది.”

“నేనూ చూడలేదు,” అని ఆయన నడుం వంచాడు. నేనూ వంచాను. ఆయన ఇంకాస్త వంచాడు. గంగారామన్న నవ్వాపుకోలేక చపాతీల డబ్బా తెరిచాడు.

బాయిలరుకి దెబ్బ తగిలినట్టు లేదు గానీ, చల్లారాక విప్పి చూడకుండా మళ్లీ నిప్పు పెట్టకూడదు. పెట్టె కట్టేవాళ్లు నాలుగింటికి వస్తారు. నా చుట్టు పోయింది.

మూడున్నరకి నకానో సాబ్ తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. డ్రైవరు చోటు చూపించాడు. గంగారామన్నని వెనక్కి పిలిచి, ఇద్దరూ బండికి చేతులానించారు.

“పానీ హై?” అని అరిచాడు నకానో సాబ్.

గాజు చూశాను. వేలు చాపాను. “నహీఁ హై!”

“యోషి! యల్లా!”

ఇద్దరూ తోశారు. ఈల ఆయన నోటితోనే వేశాడు. గంట కొట్టాను. మలుపు దగ్గర బ్రేకు నొక్కాను. “గంత గట్టిగ వట్టకురా, మేం సావాల్నా!” అన్నాడు గంగారామన్న. చుట్టు పూర్తయ్యాక ఇంజను నుదుటిమీద చేయి వేశాను. ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఐదింటికి రోడ్డుమీద అబుదాబీ టాక్సీ దొరికింది. పెషావరు డ్రైవరు. ముందు సీటు నాది.

“గదిల అడిగితె ఏం జెప్తవ్‌రా?”

“నువ్వు నూకినవని జెప్త.”

“నేను నూకినోన్నే. నడిపింది నువ్వు. అడిగితె నేను జెప్త తియ్.”

రైలు లేని దేశంలో రైలెక్కి, ఆవిరి లేని ఇంజను నడిపి వస్తున్నాను. నాలుగేళ్లలో ఇంత హాయైన శుక్రవారం లేదు. ఎండ తగ్గింది, ముందంతా ఎడారి రోడ్డే.

“ఖాన్ సాబ్, పెట్రోల్ హై?” అన్నాడు వెనకనుంచి గంగారామన్న.

“హై, హై!”

నేను పక్కకి వంగి ముల్లు చూశాను. సగానికి పైనే ఉంది. దానివైపు వేలు చాపాను.

“యోషి!”