నల్లబట్టలు కుట్టే పిల్ల

మధ్యాహ్నం భోజనాల గదిలో మా జూనియర్ నర్సు ఒకమ్మాయి టిఫిన్ బాక్సు మూతకి ఫోను ఆనించి పెట్టుకుని, పప్పన్నం కలుపుకుంటూ జపాన్ వాళ్ళ కార్టూన్ సీరియల్ చూస్తోంది. నేను వెనక నుంచి పోతూ పోతూ తెర మీద పొగమంచు పట్టిన వీధినీ, గ్యాసు దీపాలనీ, కిటికీ దగ్గర తల వంచుకుని నల్లగుడ్డ కుడుతున్న పిల్లనీ చూశానో లేదో, పులిసిన బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిసిన వాసన ఒకటి నా ముక్కుకి తగిలింది. గుడివాడలో మా ఆసుపత్రిలో ఫినాయిల్ వాసన తప్ప ఇంకో వాసనకి చోటు లేదు. అయినా తగిలింది.

"మేడమ్, మీరు కూడా ఇలాంటివి చూస్తారా?" అని ఆ పిల్ల నవ్వింది.

"నువ్వు పలక పట్టకముందే చూశానే తల్లీ," అన్నాను.

మా ఊరు పెడన. మా నాన్న కలంకారీ అద్దకం పని చేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పొడవాటి బల్లలు, గోడలకి అరలు, అరల నిండా చెక్క అచ్చులు ఉండేవి. ఆ షెడ్డు మూల ఒక పెద్ద మట్టికుండలో పాత మేకులు, తెగిన సైకిల్ చైన్లు, విరిగిన కొడవలి ముక్కలు వేసి, బెల్లం కలిపిన నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి వదిలేసేవాడు. ఎండాకాలమైతే తొందరగా, ముసురు పట్టిన శ్రావణంలో అయితే బద్ధకంగా, అది బుడబుడమంటూ పులిసి, పైన తెట్టు కట్టి, చివరికి నల్లరంగు వేసే నీళ్ళయ్యేది. మేం దాన్ని కసిం అనేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు గానీ మాకు అది అన్నం ఉడికే వాసనతో సమానం. అచ్చు వేయబోయే గుడ్డని ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండేసేవారు. ఆ పాలవాసనకి వీధిలో కుక్కలన్నీ మా దొడ్లోనే కాపురం పెట్టేవి, వాటిని అదిలించడం సెలవుల్లో నా ఉద్యోగం. అద్దిన గుడ్డల్ని కాలవలో జాడించి గట్టు మీద గడ్డిలో పరిస్తే, ఎర్ర పూలు, నల్ల తీగలు కనుచూపు మేర ఎండకి ఆరుతుండేవి. అరిగిపోయిన అచ్చులు నాన్న నాకిచ్చేసేవాడు. నేనూ, పక్కింటి షబానా వాటిని తడి ఒండ్రు మీద అద్ది, బట్టల కొట్టు పెట్టి, బేరాలాడుకుని, ఆఖరికి జుట్లు పట్టుకునేదాకా వచ్చేవాళ్ళం. క్రిస్మస్‌కి మా ఇంటి అరిసెలు వాళ్ళింటికి వెళ్ళేవి, రంజాన్‌కి వాళ్ళమ్మ ఖర్జూరం, జీడిపప్పు దండిగా వేసి కాచిన సేమ్యా మా ఇంటికి వచ్చేది. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్ళకూడదని రెండిళ్ళలోనూ పట్టింపే.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జ్వరమని బందరు తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి బెజవాడ పంపించారు. నన్ను నాయనమ్మ దగ్గర వదిలేశారు. "ఆదివారానికి వచ్చేస్తాలేవే, నాయనమ్మని విసిగించకు," అంది అమ్మ ఆటో ఎక్కుతూ. ఆదివారానికి వచ్చింది, అంబులెన్సులో. ఆ తర్వాత ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "ప్రభువు నందు నిద్రించిందమ్మా." ఎలా నిద్రించింది? నొప్పి పుట్టిందా? నీళ్ళడిగిందా? నా పేరెత్తిందా? నాకు కావలసినవి ఇవే, ఇవి మాత్రం ఎవరూ చెప్పరు. నాన్నని అడిగితే ఏదో ఒక అచ్చు చేతిలోకి తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. దగ్గరుండి చూసినవాడికి నాలుగు ముక్కలు చెప్పడానికేం వచ్చింది అని నాకు ఒళ్ళు మండేది. ఏడుపు కన్నా ఆ కోపమే ఎక్కువ కాలం ఉంది నాలో.

ఆ రోజుల్లోనే ఈ సీరియల్ మా చేతికి వచ్చి పడింది. షబానా వాళ్ళన్నకి బందరులో కంప్యూటర్ షాపు ఉండేది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తెచ్చేవాడు. జపాన్‌లో ముందు ఇది బొమ్మల పుస్తకంగా వచ్చిందనీ, జనం ఎగబడి చదివాక సీరియల్‌గా తీశారనీ గొప్పగా చెప్పేవాడు. మాటలు జపాను, కింద అక్షరాలు ఇంగ్లీషు, కథ జరిగేది లండను, చూసేది పెడన. షబానా ఇంగ్లీషు మీడియం కాబట్టి చదివి చెప్పేది, అర్థం కానిచోట సొంత కవిత్వం కలిపేసేది. నేను నమ్మేసేదాన్ని.

కథంతా మనల్ని దొరలు ఏలిన రాణీగారి కాలం నాటిది. పొద్దూ మాపూ పొగే. గుర్రబ్బండ్లు, శవపేటికలు, వెలిసిపోయిన మేడలు, మేడల్లో గుట్టుగా జరిగిపోయిన చావులు. ఆ ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో వాళ్ళు చాలాకాలం నల్లబట్టలే కట్టుకోవాలట. ఆ బట్టలు కుట్టి బతికే అనాథపిల్ల ఒకతి. పోయినవాళ్ళు కట్టుకున్న గుడ్డనే నల్లగా అద్ది, కుట్టి, చివరి కుట్టు ముడేసి కళ్ళు మూసుకుంటే, ఆ పోయినవాళ్ళ ఆఖరి గడియ ఆ పిల్లకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. విషం పెట్టిందెవరో, దిండు నొక్కిందెవరో అప్పుడు బయటపడుతుంది. అయితే అది ఊరికే రాదు. అలా చూసినప్పుడల్లా ఆ పిల్ల తన చిన్నతనంలోని ఒక రోజును మర్చిపోతుంది. ఇలా మర్చిపోతూ పోతే చివరికి తల్లి మొహం కూడా గుర్తుండదేమోనని నాకూ షబానాకీ ఒకటే దిగులు.

మా నాయనమ్మ కళ్ళజోడుకి దారం కట్టుకుని పొద్దున్నే బైబిలు చదివే మనిషి. "పరిశుద్ధ దినాన ఈ సైతాను బొమ్మలేంటే, నీ జిమ్మడ!" అని షబానా వాళ్ళ గుమ్మంలోంచి కేకలేసేది. తిడుతూనే తలుపు వార నిలబడి కాసేపు చూసి, "ఇంతకీ ఆ కోటు ముసలాడే చంపాడంటావా?" అని అడిగేది. నాన్న మాత్రం ఒక్కసారే తొంగి చూశాడు. కథ కాదు, కిటికీ పరదాలు చూశాడు. "ఆ పూలు మన బందరు గుడ్డ మీదవి లాగానే ఉన్నాయే. ఆ దొరలు దానికోసమే ఓడలేసుకుని ఇక్కడిదాకా వచ్చారు మరి," అని వెళ్ళిపోయాడు. దాంతో లండనూ పెడనా పక్కపక్క ఊళ్ళేనని నాకు ఖాయమైపోయింది. గుడ్డ మనది, నలుపు మనది, ఆ పిల్ల చేసింది నేనెందుకు చేయలేను?

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాన్న సరుకు ఇవ్వడానికి బందరు వెళ్ళాడు, నాయనమ్మ వసారాలో కునుకు తీస్తోంది. నేను ఇనప్పెట్టెలోంచి అమ్మ పెళ్ళిచీర తీశాను. మాలో పెళ్ళికూతురికి తెల్లచీరే. అది నేతచీర, సన్నటి జరీ అంచుది, కలరా ఉండల వాసన వేస్తోంది. కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పి, కసిం అంతా గంగాళంలోకి వంచి, చీరని అందులో అదిమేశాను. షబానా కాపలా.

"నల్లగా వస్తదంటావా?" అంది భయం భయంగా.

"కుండ నల్లగా లేదూ?" అన్నాను.

పైకి తీస్తే నలుపు కాదు గదా, నలుపు నీడ కూడా లేదు. చీరంతా తుప్పు. వానకి నానిన మేకు రంగు. మళ్ళీ ముంచాను, ఇంకా తుప్పు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీదే కసిం నల్లబడుతుందని, ఆ రెండూ కలిస్తే తప్ప నలుపు పుట్టదని అద్దకం ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలియదు. కరక్కాయపాలు రంగు ఊడిపోకుండా ఉండటానికి అనుకునేదాన్ని. దీపం కింద చీకటంటే నేనే. షబానా గోడ దూకి ఇంటికి పారిపోయింది.

నాన్న వచ్చేసరికి నాయనమ్మ గుండెలు బాదుకుంటోంది. "ఒరేయ్, నీ పెళ్ళాం పెళ్ళిచీరని తుప్పులో ముంచిందిరా నీ కూతురు! నాలుగు తగిలించు!" అని. నేను కూడా ఆ నాలుగూ పడతాయనే వీపు బిగబట్టుకుని నుంచున్నాను. నాన్న చీర వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఎందుకు చేశావమ్మా?"

ఏడుస్తూ అంతా చెప్పాను. చివరి కుట్టు సంగతి, కళ్ళు మూసుకుంటే కనపడే సంగతి, దానికి బదులు ఏదో పోయే సంగతి. "నువ్వు చెప్పవుగా! అమ్మ ఎలా పోయిందో నువ్వు చెప్పవు. అందుకే నేనే చూద్దామని," అని అరిచాను.

 నాన్న ఆ గంగాళం దగ్గరే కూర్చుని, కరక్కాయ పొడి నీళ్ళలో కలిపి, ఆ తుప్పుచీరని అందులో ముంచాడు. నా కళ్ళముందే, మడత మడతకీ, నలుపు పాకుతూ వచ్చింది. చీరంతా కాటుక అయిపోయింది.

"చర్చిలో సంఘపెద్దవై ఉండి ఈ సైతాను పనేంట్రా, నీకేమన్నా మతి పోయిందట్రా!" అంది నాయనమ్మ.

"నువ్వూరుకోవే అమ్మా," అన్నాడు.

షబానా వాళ్ళమ్మ ఆ చీరతో నాకు గౌను కుట్టిపెట్టింది. కింద అంచు మాత్రం నేను చేత్తో కుట్టుకుంటానని వదిలెయ్యమన్నాను. వంకరటింకర కుట్లతో, వేళ్ళు పొడుచుకుంటూ, ఒక సాయంత్రం ఎండ వాలే వేళకి అంచు చివరిదాకా వచ్చాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ బొమ్మల్లో పిల్లకి ఏదో పోద్దన్నావు, ఏంటది?"

"చిన్నప్పటి రోజు ఒకటి మర్చిపోద్ది."

"మరి నీకు అమ్మతో గడిపిన రోజులే తక్కువ. అందులో ఒకటి పోతే ఎట్టా?" అని చెయ్యి చాపాడు. "ఇటియ్యి. నేను ముడేస్తాను. నా దగ్గర చాలా రోజులున్నాయి."

ఆ మాట నాన్న నన్ను బుజ్జగించడానికి అనలేదు. నిజంగానే అన్నాడు, నాకు తెలుసు. రంగులకి కాయలు కాసిన వేళ్ళతో ఆ చిన్న సూది పట్టుకోలేక పట్టుకుని, చివరి కుట్టు వేసి, ముడి బిగించి, పంటితో దారం తెంపాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన మొహమే చూస్తున్నాను. కాలవ గట్టున ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు. నాన్న కళ్ళు తెరవడే! తెరిచేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"కనపడిందా నాన్నా?"

"లేదమ్మా. ఏం కనపళ్ళేదు."

"అదేంటి, నువ్వు అక్కడే ఉన్నావుగా?"

"లేను," అన్నాడు. "పొద్దున్నే టిఫినుకి కిందకి దిగాను. ఇడ్లీ తిన్నాను, టీ కూడా తాగాను. పైకొచ్చేసరికి దుప్పటి కప్పేశారు. దగ్గరున్న నర్సమ్మని అడుగుదామంటే డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. ఏవందో, ఎవర్నడిగిందో, నాకూ తెలీదమ్మా. తెలీని దాన్ని నీకేం చెప్పను?"

ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచిపెట్టాడని కోపం పెట్టుకున్నాను. దాచడానికి ఆయన దగ్గరే ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి నాకు ముందు భయం వేసింది, తర్వాత నాన్న మీద చెప్పలేనంత జాలేసింది. మెడ పట్టుకుని ఏడ్చాను. నాయనమ్మ లోపల్నుంచి వచ్చి, ఇద్దర్నీ తిట్టబోయి, తను కూడా కూర్చుని ఏడ్చింది. ఆ గౌను పొట్టిదయ్యేదాకా వేసుకున్నాను. బడిలో ఎవరు పోయారే అని ఏడిపించేవారు. మా అమ్మ అని చెప్పేదాన్ని.

ఇప్పుడా కుండ లేదు. ఒక తుఫానుకి షెడ్డు రేకు ఊడి దాని మీదే పడింది. నాన్న మళ్ళీ పెట్టలేదు. మోకాళ్ళు సహకరించవు, నలుపు డబ్బాల్లో దొరుకుతోంది. కాలవలో గుడ్డ జాడించేవాళ్ళు తగ్గిపోయారు, కుక్కలు వేరే వీధులు చూసుకున్నాయి. నాయనమ్మ పోయింది. షబానా అవనిగడ్డలో కాపురం చేసుకుంటోంది, వాళ్ళన్న ఫోన్లకి అద్దాలు అతికిస్తాడు. ఆ సీరియల్ సగంలో ఆగి, ఏళ్ళ తర్వాత ఇప్పుడు మళ్ళీ మొదలైందట. ఆ పిల్లకి తల్లి మొహం గుర్తుందో లేదో మా జూనియర్‌కీ తెలియదు.

మొన్నామధ్య మా వార్డులో ముదినేపల్లి నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త చేపల చెరువుల దగ్గర పనిచేసే మనిషి, ఆవిడ మంచం పక్క నుంచి ఎటూ కదిలేవాడు కాదు. ఒక పొద్దున నేనే బలవంతంగా కాంటీనుకి పంపించాను. ఆయన వెళ్ళిన కాసేపటికే ఆవిడకి ఊపిరి అందకపోవడం మొదలైంది. డాక్టరుగారు వచ్చి చేయగలిగిందంతా చేశారు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. నా డ్యూటీ అప్పటికి అయిపోయింది. ఆయన వచ్చేదాకా నేను కదల్లేదు.

ఆయన గుమ్మంలోనే కూలబడిపోయాడు. "నేను తినడానికి పోయానమ్మా," అన్నాడు. "తినడానికి పోయాను."

పక్కన కూర్చున్నాను. "నేనున్నానండీ దగ్గర. పెద్దగా నొప్పి పడలేదు. పక్కకి తిప్పమంటే తిప్పాను. మీరేరని అడిగారు. టిఫినుకి వెళ్ళారు, పిలిపించనా అన్నాను. తిననివ్వమ్మా, నిన్నటి నుంచి ఏం తినలేదు అన్నారు. అదే ఆఖరి మాటండీ."

డ్యూటీ దిగాక బస్టాండులో నిలబడి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.  

"ఆవిడ ఏవందన్నావు?" అన్నాడు నాన్న. "మళ్ళీ ఒకసారి చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను.