మా పెరటి పూల్‌కు పూడిక తీసిన ఏడు

దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్య గల్లీల్లో జానెడు ఖాళీ జాగా కనిపిస్తే హాస్టలన్నా లేస్తుంది, కిరాయి పోర్షనన్నా లేస్తుంది. మా పెరట్లో మాత్రం స్విమ్మింగ్ పూల్ ఉంది. ముప్పై అడుగుల పొడవు, పదిహేనడుగుల వెడల్పు, లోతు ఒక పక్క మూడడుగులు, రెండో పక్క ఐదు. నేనే పట్టుబట్టి కట్టించాను. నేను పుట్టింది నల్గొండ పల్లెలో. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని వ్యవసాయ బావిలో దూకి ఈత నేర్చుకున్నదాన్ని. పట్నం వచ్చి ఇన్నేళ్లయినా ఆ యావ పోలేదు.

పగలు పదింటికి, పిల్లలు బడికీ మగవాళ్లు పనులకూ పోయాక, గల్లీ ఆడవాళ్లకు ఈత నేర్పుతాను. లెగ్గింగుల మీద మొగుళ్ల టీషర్టులు వేసుకుని వచ్చేవాళ్లు. మొదట్లో ఒక్క మెట్టు దిగడానికి ముక్కోటి దేవుళ్లకూ మొక్కేవాళ్లు. వాళ్లలో పదకొండు మంది ఇప్పుడు అవతలి గట్టు ముట్టుకుని తిరిగొస్తారు. అడిగినా అడక్కపోయినా ఈ లెక్క అందరికీ చెబుతాను.

ఆ ఏడు వానాకాలంలో మూడు రోజులు విడవకుండా కురిసింది. పైన చెరువు నిండి, అలుగు పారిన నీళ్లు నాలాను ముంచి మా గల్లీలోకి వచ్చాయి. ఇంట్లో మోకాలి లోతు. పెరట్లో గట్టేదో పూల్ ఏదో తెలియలేదు. వరద తీశాక వెళ్లి చూస్తే నీలం టైళ్ల పూల్ అంచుల దాకా చిక్కటి బురదనీళ్లు. కర్ర దింపి చూశాను. అడుగున మోకాలి లోతు ఒండ్రు. పైన ఏం తేలుతున్నాయో చెప్పను, నాలా నీళ్లలో ఏముంటాయో మీకూ తెలుసు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇల్లు తడిసినందుకు కాదు, పూల్ కోసమే ఏడ్చాను.

మా ఆయన చూసి, "ఇగ దీని కత అయిపోయింది. పది టిప్పర్ల మొరం పోయించి గీ గుంత పూడ్చేద్దాం. పైన నాలుగు రూములేస్తె హాస్టల్ పిలగాండ్లు క్యూ కడ్తరు," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముందుగాల నన్ను అండ్ల ఏసి పూడ్చు," అన్నాను.

అరిచి అరిచి చివరికి ఒక మాట మీదికి వచ్చాం. పూల్ లోతు పక్క అడుగున నీళ్లు పోయే చోట చిల్లుల జాలి మూత ఒకటి ఉంటుంది. దసరా లోపల ఆ మూత గట్టు మీంచి కనిపించేంత తేటగా నీళ్లు నిలబెడితే పూల్ ఉంటుంది. లేకపోతే మొరమే. దసరాకు ఐదు వారాలుంది.

మా అన్నకు ఫోన్ చేశాను. ఊళ్లో ఎన్ని బావుల పూడిక తీశాడో ఆయనకే గుర్తుండదు. పెద్ద మోటారు ట్రాలీ ఆటోలో వేసుకుని మర్నాడు పొద్దున్నే దిగాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రోడ్డు మీద నీళ్లున్నాయని చుట్టూ తిరిగి వచ్చాడట.

"ముందుగాల నీళ్లన్ని తోడాలె చెల్లె. బావి ఒట్టిపోయినంకనే పూడిక," అన్నాడు. అది మాకు పుట్టుకతో తెలిసిన విద్య. మోటారు వేసి, పైపును వెనకాల ఖాళీ ప్లాటులోకి వదిలాం.

మా పక్కింటావిడది పశ్చిమ గోదావరి. అరవై దాటిన మనిషి. కాలువ గట్టునే పుట్టినా ఆడపిల్లవని ఏనాడూ నీళ్లలో దిగనివ్వలేదట. అందుకే నా దగ్గర ఈతకు అందరికన్నా ముందు చేరింది. మోటారు చప్పుడు విని గోడ మీంచి తొంగి చూసి, "అమ్మాయ్, మొత్తం తోడెయ్యకండి! కింద భూమి నిండా నీళ్లున్నాయి. బరువు తీసేస్తే తొట్టె పైకి లేచిపోద్ది," అంది.

"పూడిక తీసుడు మాకు కొత్తనా ఆంటీ? సిమెంటు తొట్టి యాడికి లేస్తది?" అన్నాను. మా అన్న నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మధ్యాహ్నానికి నీళ్లు సగానికి పైగా తగ్గాయి. గట్టు మీద అన్నం తింటుంటే కింద ఏదో పటుక్కుమంది. కాసేపటికి మళ్లీ. లోతు పక్కన గట్టు రాయికీ పూల్ అంచుకూ మధ్య వేలు దూరేంత సందు పడింది. అంచు పైకి లేచింది. టైళ్ల మీద మూరెడు పగులు, మేం చూస్తుండగానే ఇంకో జానెడు సాగింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇదేంది, గిట్ల ఎన్నడు చూడలే," అన్నాడు అన్న.

నేను గోడ దగ్గరికి పరుగెత్తి "ఆంటీ! ఆంటీ!" అని అరిచాను. ఆవిడ రాకపోయినా నేను అనగలిగిందేమీ లేదు. కానీ కుచ్చిళ్లు ఎగదోపుకుని వచ్చింది. పగులు చూసి, ఒక్క దెప్పుమాట కూడా అనకుండా, "తోడిన నీళ్లు మళ్లీ పోసేయండి. ఇప్పుడే," అంది.

పొద్దున్నుంచీ ఖాళీ ప్లాటులోకి తోడిన మురికినంతా మా చేతులతో మేమే మళ్లీ పూల్‌లో పోశాం. గల్లీ అంతా మేడల మీంచి చూసింది. మా ఆయన సాయంత్రం వచ్చి లేచిన అంచును కాలితో తట్టి చూసి వెళ్లిపోయాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లి, "తప్పయింది ఆంటీ. నాకేం తెల్వదు, మీరే చెప్పాలె," అన్నాను. ఆ రెండు మాటలకు నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకే తెలుసు.

"మా వైపు వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లే అమ్మాయ్. మా మావగారు కొత్తగా సెప్టిక్ ట్యాంకు కట్టించి ఖాళీగా వదిలేశారు. వానలకి మూరెడు పైకి లేచి కూర్చుంది," అని నవ్వింది. తర్వాత విడమరిచి చెప్పింది. బావికి రాళ్ల మధ్య సందులుంటాయి, ఊట లోపలికి వచ్చేస్తుంది. పూల్‌కు సందు లేదు. లోపలికి రాలేని ఊట తొట్టెనే పైకి నెడుతుంది. నీళ్లు అడుగంటిపోయే నేలలో పుట్టినవాళ్లం, కింది నుంచి నెట్టే నీళ్ల సంగతి మాకెట్లా తెలుస్తుంది? నాలుగేళ్లుగా ఆవిడకు నీళ్ల గురించి పాఠాలు చెప్పినదాన్ని, ఆ రోజు చాప మీద కూర్చుని నేర్చుకున్నాను.

ఆవిడ చెప్పినట్టే పూల్ పక్కన, దాని అడుగు కంటే లోతుగా, ఏడడుగుల గుంట తవ్వాం. తవ్వడం మాత్రం మా అన్న విద్యే. మొరం నేలను పలుగుతో పొడిచి, చుట్టూ రాళ్లు పేర్చి, అచ్చం చిన్న బావిలా దింపాడు. అందులోకి ఊట ఉరికింది. మోటారు అక్కడ పెట్టాం. గుంటలో నీళ్లు ఎప్పుడూ పూల్ నీళ్ల కంటే కిందనే ఉండాలి, అదొక్కటే సూత్రం. గుంట ఒక మూర దిగితే పూల్‌ను ఒక బెత్తెడు దించేవాళ్లం. ఆవిడ సుద్దగీతలు గీసిన కర్ర పట్టుకుని పూటపూటకూ కొలిచేది. మా అన్న తొందరపడితే, "ఆగవయ్యా!" అని గదిమేది. ఆయన నోరు మూసుకుని ఆగేవాడు. తొమ్మిది రోజులకు అడుగు బురద బయటపడింది. పగులు పెరగలేదు. లేచిన అంచు చాలావరకు కిందికి దిగింది.

ఇక పూడిక. నా పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. గమ్‌బూట్లు, గ్లవ్స్, ముక్కులకు గుడ్డలు. అన్న అడుగున పారతో ఎత్తితే తట్టలు చేతులు మారుతూ గేటు దాకా వెళ్లేవి. కంపు వారం దాకా అన్నంలోకి కూడా వచ్చింది. అయినా ఒక్కరూ మానలేదు. బురద పోయాక బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో గోడలు మూడుసార్లు తోమాం. పైపులు కడిగాం, ఫిల్టర్‌లో ఇసుకంతా మార్చాం. పగులు చెక్కి, నీళ్లు కారని సిమెంటు నింపి, పైన టైళ్లు వేయించాను. పాత నీలం ఎక్కడా దొరకలేదు. ఆ చారలో రంగు కొంచెం లేతగా ఉంటుంది, చూడ్డానికి వచ్చినవాళ్లకు నేనే చూపిస్తాను.

గుంట నీళ్లు బాగా కిందికి పోయాక పూల్‌ను ట్యాంకర్లతో నింపాం. నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. పటిక వేసి, అడుగుకు దిగిన మడ్డి తీసి, ఫిల్టర్ తిప్పి, మళ్లీ పటిక వేశాను. రోజూ పొద్దున మా ఆయన టీ గ్లాసుతో వచ్చి లోతు పక్కన నిలబడి చూసి వెళ్లేవాడు. జాలి మూత కనిపించేది కాదు. దసరాకు నాలుగు రోజులుండగా నాకు అన్నం సయించలేదు.

సద్దుల బతుకమ్మ నాడు, దసరాకు రెండు రోజుల ముందు, పొద్దున్నే లేచి వెళ్లాను. మూత కనిపించింది. దాని చిల్లులు కూడా లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టాను. మా ఆయన వచ్చి చూశాడు, టీ తాగాడు, లోపలికి పోయాడు. గొంతు దాకా వచ్చిన గొప్పలన్నీ మింగాను.

ఆ సాయంత్రం ఆట అయ్యాక గల్లీ ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని మా గేటు ముందు ఆగారు. "అక్కా, చెరువు గట్టు ఇంక బురద బురదనే ఉన్నది. కాలు పెడితె జారుతున్నది. మీ పూల్‌ల సాగనంపుదుమా?" అని ఒకామె అడిగింది.

వాళ్ల చేతుల్లోని పూలన్నీ చూశాను. తంగేడు, బంతి, రంగులద్దిన గునుగు. ఎండుటాకు పడితేనే అరిచేదాన్ని నేను. కాదందామని నోరు తెరిచాను.

ఈలోగా మా ఆయన వెళ్లి గేటు రెండు తలుపులూ బార్లా తీశాడు. "రాండ్రి రాండ్రి, ఈడనే ఏయుండ్రి. చెరువు నీళ్లకంటె మంచిగున్నయి మా పూల్ నీళ్లు. మా ఆమె ఐదు వారాలు కష్టపడి కడిగింది," అని గల్లీ అంతటికీ వినపడేలా చెప్పాడు.

ఆయన నోటి నుంచి 'మా పూల్' అన్న మాట నేను వినడం అదే మొదలు. తెరిచిన నోరు మూసుకుని, ముందు వచ్చిన బతుకమ్మను రెండు చేతులా అందుకుని నీళ్లలోకి దిగాను.