పొగ సన్మానం

బందరులో సన్మానాలకు కొదవ లేదు. శాలువా కప్పడానికి భుజం దొరికితే చాలు, ఒక సంఘం పుట్టేది. అరవైల మొదట్లో శాలువాలు మొహం మొత్తాయి కాబోలు, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన వైమానికులకు పొగతో నివాళి ఇవ్వాలని కొందరు పెద్దలకు తోచింది. యుద్ధకాలం నాటి పాత విమానం ఒకటి తోక వెనక పొగ వదులుతూ మైదానం మీదుగా వెళ్తుంది, కింద ఉపన్యాసాలు సాగుతాయి. పైన పొగ, కింద పొగడ్త అని మా వీధిలో ఒకటే ఎగతాళి.

మా మేనత్తకు మాత్రం అది నవ్వులాట కాదు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు బర్మా మీద విమానంతో పాటు కాలిపోయాడు. శవం కూడా రాలేదు. ఈస్టరుకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నాలు వేసి పూలు పెట్టుకుంటుంటే, ఆవిడ ఎవరి సమాధుల మధ్యో ఊరికే నిలబడేది. సభలో పోయినవాళ్ల పేర్లు పైకి చదువుతామన్నారు. వాడి పేరు పదిమందిలో వినాలి, ఆవిడకు అదొక్కటే కోరిక.

దండోరా వేసినవాడు ఈ కథంతా కుదించి, "విమానం వచ్చుద్ది, పొగ కొట్టుద్దహో!" అని చాటాడు. చేల మీద పురుగుమందు కొట్టే విమానాల సంగతి అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. ఇంకేముంది, గుడివాడ వైపు నుంచి కూడా రైతులు బస్సులెక్కి దిగారు.

"మా చేలకీ పురుగు పట్టిందండీ, ఒక్క చుట్టు అటు కూడా కొట్టించండి" అని ఒకాయన సభ అధ్యక్షులవారి చెయ్యి వదల్లేదు.

"ఇది మందు కాదండీ, గౌరవం."

"ఏదైతే ఏంటండీ, పురుగు చస్తే చాలు!"

అధ్యక్షులవారికి మైకు దొరికితే ఆకలి దప్పులుండవు. తమ వంశం చేసిన త్యాగాల్లో తాతగారి దగ్గరే ఉన్నారు, విమానం వచ్చేసింది. పొగ వదిలింది. రైతులు తువ్వాళ్లు ఊపుతూ, "ఇటు, ఇటు!" అని దాని వెంట పరుగెత్తారు.

అత్తయ్యకు అంతా ముందే చెప్పాం. తల కూడా ఊపింది. కానీ ఆ పొగ చూడగానే లేచి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ, "అంటుకుంది నాన్నా, దూకెయ్! దూకెయ్!" అని గొంతు చిరిగేలా అరిచింది.

"చూశారా వీరమాత ఆనందం!" అన్నారు అధ్యక్షులవారు మైకులో. సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

తర్వాత ఉపన్యాసం తాతగారి దగ్గర నుంచి మళ్లీ మొదలైంది. పొద్దుపోయిందని పేర్లు చదవకుండానే వందన సమర్పణ చేసేశారు. ఆ మైదానంలో వాడి పేరు పైకి అన్నది వాళ్లమ్మ ఒక్కతే.