కో-అప్లికెంట్ లేని ఫైలు

2022 వేసవి. అప్పుడు నేను గాజువాకలో ఒక ప్రభుత్వ బ్యాంకు శాఖలో విద్యారుణాల డెస్కు చూసేదాన్ని. స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ అన్నీ దగ్గరే కాబట్టి ఏప్రిల్ వచ్చిందంటే నా బల్ల ముందు కుర్చీలు ఖాళీగా ఉండేవి కావు. అమెరికాలో చదువులు ఆగస్టులో మొదలవుతాయి. ఈలోగా ఐ-20 రావాలి. ఈ విద్యార్థి దగ్గర మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బుందని నమ్మాక అక్కడి యూనివర్సిటీ పంపే పత్రం అది. అది చేతికి రాకపోతే వీసా ఇంటర్వ్యూకి వెళ్ళలేరు. ఆ నమ్మకం కుదరడానికి చాలామంది మా శాంక్షన్ లెటర్ మీద, అంటే అప్పు మంజూరైందని మేమిచ్చే ఉత్తరం మీద ఆధారపడేవారు.

ఒక్కో ఫైలు వెంట ఒక కుటుంబమే వచ్చేది. తల్లీ తండ్రీ, ఆస్తి కాగితాల సంచి పట్టుకుని మేనమామ, అన్నీ తెలిసిన బావగారు. అసలు చదువుకోబోయే మనిషి ఎక్కడో చివర కూర్చుని ఫోను చూసుకునేది. సలోమి మాత్రం ఒక్కతే వచ్చింది. పక్కనున్న రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆమెకి ఇరవై ఆరేళ్ళు. ఊరు మల్కాపురం. మెటలర్జీలో బి.టెక్. చేసి, పోర్టుకి వచ్చే బొగ్గునీ, ముడి ఇనుమునీ పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో మూడేళ్ళుగా పనిచేస్తోంది. అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోయింది. పోర్టులో కలాసీగా చేసిన తండ్రి, ఆమె ఇంటర్ చదువుతుండగా పోయాడు. పెంచిన నాయనమ్మ కూడా రెండేళ్ళ కిందట పోయింది. ఈ మూడు సంగతులూ తను చెప్పుకోలేదు. దరఖాస్తులో ఒక్కో గడి నింపుతూ నేను అడిగితే చెప్పింది.

ఆ రోజు ఆమె తనంతట తాను చెప్పిన మాట ఒక్కటే. "ఎం.ఎస్. అని రాశాను గానీ మేడం, నాకు రీసెర్చ్ సెయ్యాలనుంది. స్లాగ్ మీద."

స్లాగ్ అంటే ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే తెట్టు. నేను తల ఊపి తర్వాతి గడికి వెళ్ళిపోయాను. ఆ గడి కో-అప్లికెంట్‌ది. విద్యార్థితో పాటు సంతకం చేసి, రేపు ఆమె కట్టలేకపోతే తను కడతానని ఒప్పుకునే మనిషి కో-అప్లికెంట్. తల్లో, తండ్రో, భర్తో, దగ్గరి బంధువో అయి ఉండాలి. ఎవరున్నారని అడిగాను. ఆలోచించి, ఎలమంచిలిలో చిన్నాన్న ఉన్నాడంది.

మల్కాపురంలో వాళ్ళ నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు ఉంది. కాగితాల్లో అది నాన్న, చిన్నాన్న ఇద్దరి పేరునా ఉంది. అంత పెద్ద అప్పుకి తాకట్టు తప్పదు కాబట్టి, ఇటు ఇంటికీ అటు అప్పుకీ రెండింటికీ ఆ చిన్నాన్న సంతకమే కావాలి. ఫోనులో అడిగితే ఒప్పుకున్నాడని రెండు రోజుల తర్వాత వచ్చి చెప్పింది. నేను ఫైలు తెరిచాను.

మే నెలలో ఇల్లు చూడటానికి వెళ్ళాను. తాకట్టు పెట్టే ఆస్తిని బ్యాంకు మనిషి స్వయంగా చూసి రావాలి. సందు చివర సిమెంటు రేకుల ఇల్లు. శుభ్రంగా ఉంది. గోడకి శిలువ, నాయనమ్మ ఫొటో. గూట్లో వరసగా చిన్న గాజు సీసాలు, వాటిలో బూడిద రంగు, నలుపు, ఆకుపచ్చ రాళ్ళ ముక్కలు. ప్రతి సీసా మీదా చీటీ అంటించి ఉంది. ఇవేమిటని అడిగాను. అప్పటిదాకా అడిగినదానికే జవాబు చెప్పిన అమ్మాయి పావుగంట ఆపకుండా మాట్లాడింది. ఏ రాయి ఏ కొలిమిలోంచి వచ్చింది, ఒకే తెట్టు నెమ్మదిగా చల్లారితే రాయిలా, ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా ఎందుకు మారుతుంది, దాన్ని పారబోయకుండా ఏమేం చెయ్యొచ్చు. సగం నాకర్థం కాలేదు. ఈ సంగతులు వినే మనిషి ఆ ఇంట్లో చాలా కాలంగా లేదని మాత్రం అర్థమైంది.

బయల్దేరుతుంటే, "సేపల పులుసు ఎట్టాను మేడం. రెండు ముద్దలు తిని ఎల్దురు గాని," అంది.

అప్పు కోసం వచ్చినవాళ్ళింట్లో తినకూడదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పాటించిన నియమం. మరోసారి వస్తానని చెప్పి వచ్చేశాను. నా భర్త పోయి అప్పటికి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. ఆ మధ్యాహ్నం బ్రాంచిలో నా క్యారియర్ విప్పుకుని ఒక్కదాన్నే తింటున్నప్పుడు, అక్కడ ఆమె కూడా ఒక్కతే తింటూ ఉంటుందనిపించింది.

జూన్ రెండో వారంలో లీగల్ రిపోర్టు, ఇంటి విలువ రిపోర్టు రెండూ వచ్చాయి. సంతకాలకి సోమవారం రమ్మన్నాను. చిన్నాన్న పేరు దానియేలు. ఎలమంచిలిలో సైకిలు, మోటారు సైకిలు రిపేరు షాపు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పిన టైము కంటే గంట ముందే వచ్చి కూర్చున్నాడు. నేను కాగితాలు ముందు పెట్టి, ఎక్కడెక్కడ సంతకం చెయ్యాలో పెన్సిలుతో గుర్తులు పెట్టాను. ఆయన పెన్ను తీసుకున్నాడు. మొదటి పేజీ మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత పెన్ను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నాను సంతకం ఎట్నేనమ్మా," అన్నాడు, నాతో కాదు, ఆమెతో. "భయమేత్తంది. రేపు నీకేటైనా అయితే, ఆ ఇల్లు పోతే, నా పిల్లలికి నానేటి సెప్పను?"

ఆయన అబద్ధం చెప్పలేదు. మోసమూ చెయ్యలేదు. ఉన్న ఒక్క ఆస్తి గురించి ఎవరికైనా కలిగే భయమే అది. నేను ఒకటి రెండు మాటలు చెప్పబోయాను. సలోమి నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది.

"పర్నేదు చిన్నాన్నా," అంది. "ఎండగా ఉంది. మజ్జిగ తాగి ఎల్దువు గాని."

బయట బండి దగ్గర ఆయనకి మజ్జిగ తాగించి, బస్సెక్కించి, ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. ఇంటి ఒరిజినల్ కాగితాలు వెనక్కి ఇమ్మని అడిగింది. ఏడవలేదు. బంధువులు కాకపోయినా, పూచీగా ఆస్తి పెట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. చర్చి పాస్టరు గారిని, కాలేజీలో పాఠాలు చెప్పిన లెక్చరర్ని, ల్యాబు మేనేజర్ని ముందే ఒకసారి కదిపి చూశానంది. ఎవరూ కసురుకోలేదట. అందరూ ప్రార్థన చేస్తామన్నారట.

అప్పుడు చెప్పాను, ఏప్రిల్లోనే చెప్పాల్సిన సంగతి. అమెరికాలో ఇంజనీరింగ్, సైన్సు సబ్జెక్టుల్లో పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళు మా దగ్గరికి దాదాపు రారు. వచ్చినా విమానం టిక్కెట్టు కోసమో, మొదటి నెల ఖర్చుల కోసమో చిన్న మొత్తం అడుగుతారు. కారణం అసిస్టెంట్‌షిప్. ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలోనో, తరగతుల్లోనో పనిచేస్తే యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి, బతకడానికి సరిపడా నెల నెలా ఇస్తుంది. అలాంటివాళ్ళ ఐ-20లో ఖర్చు ఎవరిదన్న చోట యూనివర్సిటీ పేరే ఉంటుంది. నాలుగైదు ఫైళ్ళలో నా కళ్ళతో చూశాను. బి.టెక్. తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేర్చుకునే చోట్లూ ఉన్నాయి. అందరికీ రాదు. కానీ మూడేళ్ళు ల్యాబులో పనిచేసి, గూట్లో రాళ్ళు దాచుకునే మనిషి ప్రయత్నించి చూడొచ్చు.

ఆమె అంతా విని, కాగితాలు కవరులో సర్దుకుంటూ అడిగింది.

"ఇది మీకు ముందే తెలుసా మేడం?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను ఆడిట్ వాళ్ళు ఎన్నో ప్రశ్నలు అడిగారు. వేటికీ ఇంత ఇబ్బంది పడలేదు. తెలుసన్నాను. ఆ ఏడాది మా బ్రాంచికి విద్యారుణాల టార్గెట్ ఉందనీ, నా బల్ల దగ్గరికొచ్చిన మనిషిని అప్పు వైపే నడిపించడం నాకు అలవాటైపోయిందనీ చెప్పలేదు. చెప్పినా అది సంజాయిషీ కాదు. రీసెర్చ్ అన్న మాట ఆమె మొదటి రోజే అంది. నేను వినలేదు.

"సరే మేడం," అని లేచింది. కుర్చీ లోపలికి జరిపి వెళ్ళింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలు ఆమె బ్రాంచికి రాలేదు. ఎం.ఎస్. సీటు వదులుకుందని, ల్యాబులోనే పనిచేస్తోందని వాళ్ళ ల్యాబు జీతాల పని మీద వచ్చిన గుమస్తా చెప్పాడు. ఫోను నంబరు ఫైల్లో ఉంది. రెండు మూడుసార్లు చేద్దామనుకుని ఊరుకున్నాను. ఏ మొహం పెట్టుకుని పలకరించాలో తెలియలేదు. మల్కాపురం మీదుగా బస్సు వెళ్ళినప్పుడల్లా ఆ సందు వైపు చూసేదాన్ని.

2023 మార్చిలో ఒక ఉదయం వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. సన్నబడింది. చలికాలమంతా ప్రొఫెసర్లకి ఉత్తరాలు రాసిందట. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకావిడ మాత్రం వీడియో కాల్‌లో ముప్పావుగంట స్లాగ్ గురించే అడిగిందట. గూట్లో సీసాలు ఒక్కొక్కటీ కెమెరాకి చూపించిందట సలోమి. సీటు, అసిస్టెంట్‌షిప్ రెండూ వచ్చాయి. టిక్కెట్టుకి తను దాచుకున్నది సరిపోతుంది. అప్పు అక్కర్లేదు.

"సెప్పి ఎల్దామని వచ్చాను," అంది. "మీరు ఆలస్యంగా సెప్పారు గానీ, సెప్పింది మీరొక్కరే మేడం."

క్షమించానని అనలేదు. నేనూ ఆ మాట కోసం చూడలేదు. ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి భోజనం చేశాను. నియమం అడ్డం రాలేదు, ఆమె మా బ్యాంకుకి అప్పు పడలేదు కనుక. చిన్నాన్న కూడా వచ్చాడు. ఇంటి తాళాలు ఆయనకే ఇచ్చింది.

వెళ్ళిన ఏడాది డిసెంబరులో ఒకసారి ఫోను చేసింది. అక్కడ మంచు పడుతోందని, కొలిమి దగ్గర నిలబడితే మాత్రం మల్కాపురంలో ఉన్నట్టుంటుందని చెప్పింది. వీసా ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అప్పుడడిగాను. చదువు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న. యూనివర్సిటీ పెడుతోందని, ల్యాబులో పనిచేస్తానని చెప్పిందట. వెంటనే సరేనన్నారట.

"ఎంత ధైర్యంగా ఉండుంటుంది ఆ జవాబు చెప్పడానికి," అన్నాను.

ఆమె అంది, "లైన్లో నా ముందు నిలబడ్డోళ్ళందరూ మా నాన్న, మా అమ్మ, మా మావయ్య అని సెప్పేరు మేడం. నాకూ ఒకరి పేరు సెప్పాలనిపించింది."

అక్కడ ఏం వండుకుంటున్నావని అడిగాను. చాలాసేపు వంటల గురించే మాట్లాడుకున్నాం.

రిటైరయ్యేలోపు నాకు మరో ఏడాది సర్వీసు మిగిలింది. ఆ ఏడాదంతా, దరఖాస్తు తియ్యకముందు, ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగేదాన్ని. అప్పు లేకుండా దారి ఉంటే ఆ దారే ముందు చెప్పేదాన్ని. కొన్ని ఫైళ్ళు తగ్గాయి, మేనేజరు గారు రెండుసార్లు పిలిచి అడిగారు. సలోమి ఖర్చుకి దారి దొరికింది. కానీ పక్కన మనిషి లేని లోటుని ఏ అసిస్టెంట్‌షిప్పూ తీర్చలేదు. అది మా బ్యాంకు పని కాకపోవచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినడం మాత్రం నా పనే. ఆ సంగతి నేను నేర్చుకునేసరికి సలోమికి ఒక ఏడాది పోయింది.