బోగీ అంతా వినేలా

స్లౌ నుంచి లండన్ వెళ్లే రైల్లో నాతో మాటలు కలిపిన ఒక తెలుగావిడకు ఆన్‌లైన్ కాసినో నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ బ్లాక్‌జాక్ పేకాట ఆడితే బోనస్ ఇస్తారట.

"ఆడను. అకౌంట్ మూసేశాను. ఇంకెప్పుడూ ఫోన్ చేయకండి," అని ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పి పెట్టేసింది. అందరూ తిరిగి చూశారు.

ఆవిడ నావైపు తిరిగి, "ముక్కల మొత్తం పదిహేడుకి వచ్చాక, కాసినో తరఫున ఆడే డీలర్ ఇంకో పేకముక్క తీసుకోకూడదు బాబూ, అది ఆటలో రూలు. ఆడేవాళ్లని ఆగమనే రూలే లేదు. అందుకే నాకు నేనే పెట్టుకున్నా," అంది.

"కాస్త మెల్లగా చెప్పాల్సింది ఆంటీ, అందరూ విన్నారు," అన్నాను.

"విననీ. ఇన్నాళ్లూ దుప్పటి ముసుగులో దాక్కుని ఆడాను. మానడం కూడా దాక్కునే మానాలా?"