మామా కబీరా వాళ్ల ఏటి మరలు

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంట్లో మనుషులకు కొదవ లేదు. కానీ పని చెప్పడానికి కాకుండా ఊరికే నాతో మాట్లాడేది ఒక్కతే, ఇంటావిడకు అత్తగారు. ఇక్కడ మామా అంటే అమ్మ. ఇంటావిడ మామా అయితే ఈమె మామా కబీరా, అంటే పెద్ద మామా. ఆమెను చూసుకోవడానికే నన్ను కడప జిల్లా నుంచి తెప్పించుకున్నారు. ఆమె పుట్టుక కువైట్ కాదు, లెబనాన్‌లో సముద్రం పక్క ఊరు. పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఇన్నేళ్లు కాపురం చేసినా మనవళ్లకు ఆమె యాస ఇంకా నవ్వులాటే.

మొదట్లో ఆమె చెప్పేదంతా నాకు చెవిటివాడి ముందు శంఖమే. వినగా వినగా అర్థం కాసాగింది. వాళ్లది చిన్న లోయ. కొండ మీద పొద్దున బయల్దేరిన ఏరు మధ్యాహ్నానికల్లా సముద్రంలో పడేదట. అంత చిన్న ఏటి మీద ఏడు నీటిమరలు. కొండవారగా కాలువ తీసి నీళ్లను బావిలాంటి రాతి గొట్టంలోకి దూకిస్తే అడుగున చక్రం తిరుగుతుంది, దానితో పాటు పైన తిరగలి రాయి తిరుగుతుంది. పైమర వాళ్లు వాడి వదిలిన నీళ్లే కిందిమరలకు దిక్కు. అందుకని నీళ్లు వదిలేముందు వాళ్లు కాలువలో గుప్పెడు పొట్టు చల్లేవారు. అది తేలుతూ వస్తే కిందివాళ్లు గోధుమలు పోసుకునేవారు. ఆమె తండ్రిది కొసమర. గట్టున కూర్చుని పొట్టు కోసం చూడటం చిన్నప్పుడు ఆమె పని.

ఇంట్లో కొత్త పిండి సంచి విప్పినప్పుడల్లా ఆమె వంటింట్లోకి వచ్చి గుప్పెడు తీసి ఒక డబ్బాలో వేసేది. మా అమ్మ కూడా ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి పేరున ముంతలో వేస్తుంది. ఇదీ అంతే అనుకుని నేను ఆ డబ్బాను పై అరలో పెట్టాను, స్నానం చేయనిదే ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు ఆమె మూత తీస్తే లోపల పురుగులు. ఆమెకు చాలా కోపం వచ్చింది. అది దేవుడిది కాదట, మర ఆడించినవాళ్ల కూలి. సంచికి గుప్పెడు. పొద్దుగూకేలోగా రొట్టె చేసుకుని తినెయ్యాలి, నిలవ పెట్టకూడదు. నా భక్తికి నాకే నవ్వొచ్చింది. అప్పట్నుంచి గుప్పెడు తీసిన రోజు సాయంత్రం చిన్న రొట్టె కాల్చి ఇద్దరం చెరి సగం తినేవాళ్లం. ఈ దేశంలో ఇంకొకరి పక్కన కూర్చుని నేను తిన్న తిండి అదొక్కటే.

సముద్రం ఒడ్డున డీజిల్ మిషను వచ్చాక మొదట మూతపడింది వాళ్ల కొసమరే. జనం గాడిదల మీద మూటలు వేసుకుని మర ముందు నుంచే మిషను దగ్గరికి పోయేవారట. పైమరలు ఇంకొన్నాళ్లు ఆడాయి, కాలువలో పొట్టు వస్తూనే ఉండేది. వాళ్ల నాయన గట్టున నిలబడి దాన్ని చూసి లోపలికి పోయేవాడు. ఇప్పుడు పైమర ఒకటి హోటలైంది. తిరగలి రాయి మీద టీ గ్లాసులు పెట్టుకున్న ఫొటో మనవడు చూపిస్తే ఆమె ఆ పూట అన్నం తినలేదు.

పోయినేడాది నుంచి ఆమెకు మతిమరుపు మొదలైంది. మందులు మరిచిపోయింది, మనవళ్ల పేర్లు మరిచిపోయింది. ఇంట్లోవాళ్లు డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే నా గుబులు వేరే. పని పోతుందని కాదు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం గురించీ కాదు. ఆ ఏరు కూడా మరిచిపోతే ఆమె నాతో ఏం మాట్లాడుతుంది? ఆ ఇంట్లో నేను మళ్లీ మూగదాన్ని అయిపోతాను.

అందుకే రోజూ సాయంత్రం నేనే ఆమెకు ఆ ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. మేనమామ దగ్గర తల్లి పుట్టింటి గొప్పలు చెప్పినట్టు మొదట సిగ్గేసింది. నేను తప్పు చెబితే ఆమె దిద్దేది, అదే నాకు సంతోషం. ఫోన్లో మా అక్కకు కూడా ఇవే కబుర్లు చెబితే దానికి ఒళ్లు మండింది.

"ఏమే, ఎప్పుడు జూసినా ఆ ముసలామె ఏరేనా? మన ఏట్లో ఇసక గూడా మిగల్లేదు, అది అడగవు" అంది.

అక్క మాటలో అబద్ధం లేదు. కళ్లు మూసుకుంటే నాకు మా ఏరు కనబడటం మానేసి చాలా రోజులైంది.

మొన్నొక శుక్రవారం ఇంట్లోవాళ్లంతా వఫ్రాలో తోటకు పోయారు. మేమిద్దరమే ఉన్నాం. కాలువ, పొట్టు, రాతి గొట్టం అన్నీ చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా దిద్దలేదు. కొత్త ఊరి గురించి వింటున్నట్టు కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఆ మరల చప్పుడుకు నిద్ర ఎట్లా పట్టేదని అడిగింది. చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేదని, ఆమె నాకు చెప్పిన మాటే ఆమెకు చెప్పాను.

అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరబ్బీలో అన్నా నా చెవికి మా ఇంటి మాటలాగే వినబడింది.

"బింతీ, నా బిడ్డా, అంత మంచి ఊరు ఇడిసిపెట్టి ఈ ఎండల్లోకి ఎందుకొచ్చినావమ్మా? మీ నాయన ఎదురుజూస్తా ఉంటాడు. ఇంటికి పో తల్లీ."

అది నీ ఊరే మామా అనబోయాను. ఇంటికి పొమ్మని ప్రేమగా నాకు చెప్పిన మనిషి ఈ దేశంలో ఇంకొకరు లేరు.

ఆమే మళ్లీ అడిగింది. "మరి నాది యా ఊరు?"

"నీదీ అదే ఊరు మామా. మనవి పక్కపక్క మరలు" అన్నాను.

"అట్లయితే కలిసే పోదాం" అని ఆమె మంచం కింద చెప్పుల కోసం చూసింది. ఆ లోయలో మా ఇద్దరికీ ఎవరూ లేరని నాకొక్కదానికే తెలుసు. వంగి, చెప్పులు తీసి ఆమె కాళ్లకు తొడిగాను.