జేబులో ఫ్యూజ్

యూనివర్సిటీలో అడుగుపెట్టిన రోజే మేము సీనియర్లమైపోయాం. గేటు దాటామో లేదో, కొత్త బ్యాగులు తగిలించుకున్న ఫస్టియర్ అమ్మాయిలు ఎదురొచ్చి, "అక్కా, ఆఫీసు ఎటు?" అని అడిగారు. మాకు కావలసిందీ అదే. కానీ అక్కా అని పిలిచాక తెలియదని ఎలా చెప్పను? ఠీవిగా చెయ్యి చాపి ఎడమవైపు చూపించాను. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చారు. అటువైపు ఉన్నవి స్టాఫ్ బాత్రూములట. నా పక్కనున్న స్నేహితురాలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

మాలాంటివాళ్ళ సంగతి అంతే. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కు పోకుండా పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేస్తాం. తర్వాత ఈసెట్ రాసి, సీటొస్తే నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి దిగుతాం. అందరూ ఒక ఏడాది కలిసి తిరిగి, జట్లు కట్టి, క్యాంటీన్‌లో ఎవరి బల్ల వాళ్ళు చూసుకున్నాక మేము వస్తాం. మా రోల్ నంబర్లు హాజరు పట్టీ చివర్లో ఉంటాయి. ల్యాబ్‌లోనూ మాదే చివరి బ్యాచ్.

మాది కారేపల్లి దగ్గర. మా తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప వేశాడు. పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా మూత తీసి లోపల ఏముందో చూడబోయి నేను మా నాన్న చేత తిన్న తిట్లు అన్నీఇన్నీ కావు. "ఇది ఏదో ఒకటి అడక్కుండా కూర్చుందంటే ఒంట్లో బాగోలేదన్నమాట" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎలక్ట్రికల్ తీసుకున్నది కూడా ఆ డబ్బాలో ఏముందో తేల్చుకుందామనే.

నా స్నేహితురాలిది ములకలపల్లి అవతల, అడవి అంచు ఊరు. వాళ్ళింట్లో మాట్లాడేది కోయ. నేను పది మాటలు మాట్లాడితే తను ఒకటి మాట్లాడుతుంది. పాలిటెక్నిక్ హాస్టల్‌లో మా ఇద్దరి మంచాలు పక్కపక్కనే. యూనివర్సిటీకి పోదామన్న ఆలోచన నాది, పట్టుదల తనది. తెల్లవారుజామున నా దుప్పటి లాగేసి చదివించింది తనే.

పాలిటెక్నిక్‌లో మాకొక వర్క్‌షాప్ సార్ ఉండేవారు. ఆయన పాఠాల్లో సగం మరిచిపోయాను గానీ ఒక మాట మాత్రం ఎముకల్లో ఇంకిపోయింది. "పని మీద చెయ్యి పెట్టేముందు ఫ్యూజ్ పీకాలె. పీకినోడి జేబులనే అది ఉండాలె. పీకినోడే మళ్ళ పెట్టాలె. ఇంకోడు ముట్టొద్దు."

ఎందుకని అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను?

"నువ్వు పోల్ మీద ఉన్నవనుకో. కింద ఎవడో వచ్చి, అరె ఫ్యూజ్ లేదే అని ఇంకోటి పెట్టిండనుకో. నీ పానం ఇంకోని చేతిల ఎందుకుండాలె బిడ్డా? నీ జేబుల ఉండాలె."

అబ్బాయిలకు ప్యాంటు జేబులున్నాయి. మా చుడీదార్లకు ఎక్కడివి? ఖాకీ ఏప్రన్‌కు ఉన్న జేబు అరచేయి కూడా పట్టనంత చిన్నది. దాంతో నా స్నేహితురాలు సూది దారం తీసుకుని తన చుడీదార్లన్నిటికీ కుడివైపున లోతుగా ఒక జేబు కుట్టుకుంది. తెల్ల పింగాణీ ఫ్యూజ్ అందులో సరిగ్గా కూర్చునేది. నాకూ కుట్టమంటే, "నీకెందుకే? నువ్వు నోటితోనే పని చేస్తవ్" అంది. ఆ వెక్కిరింత నాకు ఇష్టం.

యూనివర్సిటీకి వచ్చాక ఆ వెక్కిరింతలు తగ్గిపోయాయి. మొదట్లో నేను గమనించలేదు. నాకు అక్కడ ప్రతిదీ వింతే. లైబ్రరీలో పుస్తకాలు ఏ వరసలో పెడతారు, పెద్ద క్లాసులో వెనక బెంచీదాకా మేడమ్ గొంతు ఎలా వినిపిస్తోంది, రెగ్యులర్ పిల్లలు రికార్డులో గ్రాఫ్ ముందే గీసేసి రీడింగులు తర్వాత ఎలా రాస్తున్నారు, ఇలా నా గోలలో నేనున్నాను. ఒకరోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని, తను అన్నం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఈసారి ఇంటికి పోయిన్నంటే మళ్ళ రానే."

టేకులపల్లి సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు మీద ఆపరేటర్లను తీసుకుంటున్నారని వాళ్ళ మామ చెప్పాడట. డిప్లొమా చాలట. మధ్యలో వదిలేసిన సీటు మళ్ళీ రాదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. మూడేళ్ళు కలిసి కన్న కలను ఒక్క ముక్కలో తేల్చేసింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది, కోపంకంటే ముందు ఎందుకన్న ప్రశ్న వచ్చింది.

ఆ రోజునుంచి తల తినేశాను. "లెక్కల వల్లనేనా?" అని అడిగి, జవాబుకు ఆగకుండా ఫస్టియర్ లెక్కల నోట్సు ఎవరి దగ్గరో సంపాదించి తెచ్చాను. తీసుకుంది, చదివింది, పోతానన్న మాట మాత్రం మార్చలేదు. "మెస్సులో తిండి పడటం లేదు కదా?" అని మా అమ్మ చేత పచ్చడి పంపించుకున్నాను. పచ్చడి అయిపోయింది. "ఎవరైనా ఏమైనా అన్నారా? నీ మాటతీరు చూసి నవ్వారా?" అని పక్క గది అమ్మాయిల వైపు అనుమానంగా చూశాను. "గట్లేం లేదే, ఊకో" అంది. "ఇంటి మీద బెంగా?" అన్నాను. ఈసారి జవాబు కూడా చెప్పకుండా బట్టలు ఉతుక్కోవడానికి పోయింది.

వారం చివర్లో చివరి పీరియడ్ ల్యాబ్. మా బ్యాచ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ టేబుల్ వచ్చింది. అక్కడ ల్యాబ్ పద్ధతి వేరు. అటెండర్ అన్న ముందే వైర్లన్నీ కలిపి ఉంచుతాడు. మేము స్విచ్ వేసి, మీటర్లు చూసి, రాసుకుని రావడమే. నేను అటువైపు తిరిగి రీడింగులు దించుకుంటున్నాను. స్విచ్ ఆపాక కూడా తను టేబుల్ దగ్గరే వంగి ఏదో చూస్తోంది. బెల్లు కొట్టారు. "నడువుండ్రి నడువుండ్రి, తాళం వెయ్యాలె" అని అటెండర్ అన్న తొందరపెట్టాడు. అటునుంచి అటే బ్యాగు భుజాన వేసుకుని తను బస్టాండుకు బయలుదేరింది. బస్సు ఎక్కించి నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను.

"సోమవారం ఇంటర్నల్ ల్యాబ్ ఎగ్జామ్ ఉందే."

"మంచిగ రాయి" అంది.

సోమవారం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ టేబుల్ దగ్గర స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. బోర్డు చూస్తే ఫ్యూజ్ ఉండాల్సిన చోట బోసిగా ఉంది. ఎవరు తీశారని ల్యాబ్ మేడమ్ అడిగారు. అటెండర్ అన్న తనకు తెలియదన్నాడు. నా కళ్ళ ముందు మాత్రం చుడీదార్‌కు కుడివైపున కుట్టిన జేబు కదిలింది. పీకింది, అలవాటుగా జేబులో వేసుకుంది, అలాగే అడవి దాటించింది. అలాంటి పొరపాటు మా పాలిటెక్నిక్ వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

"స్పేర్ ఉంది మేడం, పెట్టేస్త" అంటూ అటెండర్ అన్న బీరువా తెరిచాడు.

"పెట్టొద్దు!"

అరిచింది నేనేనని నాకే కాసేపటికి గానీ తెలియలేదు. ల్యాబంతా నా వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఎందుకు పెట్టకూడదు?"

జీవితమంతా నేను అడిగిన ప్రశ్న నన్నే అడిగారు. వర్క్‌షాప్ సార్ మాటలన్నీ గబగబా అప్పజెప్పాను. పీకినవాళ్ళ జేబు, పోల్ మీద మనిషి, పీకినవాళ్ళే పెట్టాలి, అన్నీ. మేడమ్ ఆసాంతం విన్నారు.

"బాగుంది. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"ములకలపల్లి దగ్గర, వాళ్ళ ఊళ్ళో, మేడమ్."

"అంటే ఈ లైన్ మీద ఎవరూ లేరు. మరి పెడితే ఏమవుతుంది?"

నాలుక కరుచుకున్నాను. అదీ నిజమే. అయినా నోరు ఊరుకుంటుందా? "ఫ్యూజ్ ఎందుకు తీసిందో, ఆ పని పూర్తయిందో లేదో మనకు తెలియదు కదా మేడమ్" అన్నాను. మేడమ్ నా మొహంలోకి చూశారు. "ఫోన్ చెయ్. నేను మాట్లాడతాను" అన్నారు.

వాళ్ళ అమ్మ ఎత్తింది. "ఆగు బిడ్డా, సిగ్నల్ ఉన్న కాడికి పోయి మాట్లాడుతది" అంది. స్పీకర్‌లో గాలి, కోడి కూత, చెప్పుల చప్పుడు. తర్వాత తన గొంతు. మేడమ్ ఫ్యూజ్ సంగతి అడిగారు. "అయ్యో, జేబులనే ఉంది" అంది. వెంటనే గొంతు మారిపోయింది. "మేడం, ఇంకోటి పెట్టకుండ్రి! వైరు బిగిచ్చే టెర్మినల్ కాలుతున్నదని విప్పిన. బిగిచ్చేలోపట బెల్లయింది. వైరు ఇనుప ఫ్రేముకు తాకుతుండొచ్చు."

అటెండర్ అన్న చేతిలోని స్పేర్ ఫ్యూజ్‌ను మెల్లగా బీరువాలో పెట్టేశాడు. మేడమ్ వంగి టేబుల్ కిందికి తొంగి చూశారు. చూసి, నిటారుగా నిలబడి, ఫోన్‌లో అన్నారు.

"సగం పని చేసి ఊరికి పోతారా? నువ్వు తీసిన ఫ్యూజ్ నువ్వే వచ్చి పెట్టు. మీ బ్యాచ్ ఎగ్జామ్ రేపు."

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. చేతిలో బట్టల బ్యాగు లేదు. వాళ్ళ అమ్మ నాకు పంపిన సీతాఫలాల సంచి ఒకటే ఉంది. సాయంత్రం బస్సుకే తిరిగి పోతానని దారిలోనే చెప్పేసింది. ఆ సంచీ పట్టుకోగానే నాకు ప్రాణం ఉసూరుమంది.

ల్యాబ్‌లో తను టేబుల్ కింద కూర్చుని టెర్మినల్ బిగించింది. వైరు లాగి చూసింది. జేబులోంచి ఫ్యూజ్ తీసి బోర్డులో పెట్టింది. దీపం వెలిగింది. అంతసేపూ మేడమ్ పక్కనే నిలబడి, ఏ స్క్రూ ఎందుకు తిప్పుతోందని అడుగుతూనే ఉన్నారు. నాకంటే ఎక్కువ ప్రశ్నలు వేసే మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి. చివరికి ఇది కూడా అడిగారు. "చదువు ఎందుకు మానేస్తున్నావు?"

అడిగి ఊరుకున్నారు. ఎంతసేపు ఊరుకున్నారో! నా నోట్లో నాలుగు జవాబులు తయారైపోయాయి. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

"చేతులకు పనే లేదు మేడం ఈడ" అంది తను. "అన్న కలిపిపెడ్తడు. మేం చూసి రాస్తం. మూడేండ్లు నేర్చుకున్నది మర్చిపోతనేమో అని భయమైతుంది. ఇది కూడా రాక, లెక్కలు కూడా రాక, ఏం పట్టుకొని పోవాలె నేను?"

అంతే సంగతి. పచ్చడి కాదు, నోట్సు కాదు, పక్క గది అమ్మాయిలు కాదు. మేడమ్ అటు తిరగ్గానే తన చెయ్యి పట్టుకుని నిలదీశాను. "ఇన్ని రోజులు అడిగితే నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడిగినప్పుడల్లా జవాబు కూడా నువ్వే చెప్తివి గదనే" అంది. చాలా రోజుల తర్వాత వెక్కిరింత. నొప్పి పెట్టింది, ప్రాణం లేచొచ్చింది కూడా.

మేడమ్ పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "లెక్కలు చేతులతో రావు, కూర్చుని చెయ్యాలి. ఆ కష్టం నేను తప్పించలేను. కానీ ఇకనుంచి మీ బ్యాచ్ కనెక్షన్లు మీరే ఇవ్వండి. నేను చూశాకే స్విచ్ వెయ్యాలి" అని చెప్పి, ఎగ్జామ్ మొదలుపెట్టమన్నారు. తను ఉంటానని అనలేదు, పోతానని అనలేదు.

ఎగ్జామ్ అయ్యేసరికి ఎండ వాలింది. సాయంత్రం బస్సుకు వేళవుతోంది. అటెండర్ అన్న తాళాలు గలగలలాడిస్తున్నాడు. నేను సంచీ సర్దుకుంటూ చూస్తే, తను పక్క టేబుల్ దగ్గర వంగి ఉంది. అక్కడి టెర్మినల్ కూడా నల్లబడి ఉందట.

"రేపు చూసుకుందువు గాని బిడ్డా, నడువు" అన్నాడు అటెండర్ అన్న.

తను సరేనంది. చెయ్యి చాపి ఆ టేబుల్ ఫ్యూజ్ పీకింది. చున్నీ సర్దుకుని, కుడివైపు జేబులో వేసుకుంది.

మెట్లు దిగుతుంటే ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. బస్టాండు వైపు తిరిగే మలుపు దగ్గర తను ఆగకుండా, హాస్టల్ దారిలో నాకంటే ముందు నడిచింది.